మూడో మోతాదు

వంశధార సముద్రంలో కలిసే చోట మామూలు రోజుల్లో నీళ్ళు మోకాలి లోతు కూడా ఉండవు. ఆదివారం సాయంత్రమైతే రాజధాని కళింగపట్నం జనం పిల్లల్ని తీసుకొచ్చి అక్కడే ఆడిస్తారు. ఆ ఆదివారం మాత్రం ఏటికి ఎగువనున్న పొరుగు దేశం వాళ్ళు చెప్పాపెట్టకుండా ఆనకట్ట తలుపులు ఎత్తడంతో ఏరు ఎర్రగా, బరువుగా దిగుతోంది. డాక్టర్ పొన్నాడ వకుళ ఇసుకలో చాప పరిచి, అత్త అప్పలనరసమ్మకు ఫ్లాస్కులోంచి టీ వంపుతోంది. ఆమె భర్త మేజర్ నీలాచలం సరిహద్దు నుంచి సెలవు మీద వచ్చి రెండు రోజులే అయింది. ఆరేళ్ళ కూతురు హంసినితో నీళ్ళ అంచున నిలబడి ఉన్నాడు.

వకుళ తల ఎత్తేసరికి పాప చేయి తండ్రి చేతిలో లేదు. పాప నడుము లోతులో ఉంది. చూస్తుండగానే భుజాల దాకా మునిగింది. తర్వాత జుట్టు మాత్రమే కనబడింది. నీలాచలం అక్కడే ఉన్నాడు, ఆరడుగుల దూరంలో. పాపనే చూస్తున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, వాన ఎప్పుడు వస్తుందా అని మబ్బును చూసేవాడిలా చూస్తున్నాడు.

"ఒరే, గుంట కొట్టుకుపోతంది రా" అని అప్పలనరసమ్మ గొంతు చించుకుంది.

వకుళ చీరతోనే నీళ్ళలోకి దూకింది. పాప గౌను చేతికి తగిలింది. ఒడ్డుకు లాగి బోర్లా పడుకోబెట్టి వీపు మీద తడితే, నీళ్ళు కక్కి పాప ఏడుపు లంకించుకుంది. నీలాచలం తువ్వాలు తీసుకుని నెమ్మదిగా వచ్చాడు.

"నాకు కనబడుతూనే ఉంది వకుళా. తర్వాతి అల పాపని ఒడ్డుకే నెడుతుందనిపించింది. నెట్టకపోతే దిగుదామనుకున్నాను" అన్నాడు.

వకుళ అతని మణికట్టు పట్టుకుని చూసింది. నాడి నిద్రపోతున్నవాడి నాడిలా ఉంది.

"ఎన్నో మోతాదు బావా?"

"మూడోది. పన్నెండు రోజులైంది."

ఆ మందు పేరు నిబ్బరం. చేసింది వకుళే. ఏడేళ్ళ కిందట తుపాను తీరం మీద విరుచుకుపడ్డాక, గాలి చప్పుడు వింటే చాలు మంచాల కింద దూరి బయటికి రాని పిల్లల కోసం చేసింది. మెదడులో బాదంగింజంత ముడి ఒకటుంటుంది. భయం పుట్టేది అక్కడే. నిబ్బరం ఆ ముడిని నలభై రోజులు నిద్రపుచ్చుతుంది. పిల్లలకు చిటికెడు మోతాదు ఇస్తే మళ్ళీ బడికి వెళ్ళారు. వకుళకు పతకం ఇచ్చారు. ఆ పై ఏడాది ఎగువ దేశంతో నీటి గొడవ ముదిరి మహేంద్రగిరి కనుమలో కాల్పులు మొదలయ్యాయి. సైన్యం ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. సాలిహుండం కొండ మీద పెద్ద ప్రయోగశాల కట్టించి ఇచ్చింది.

సైనికులకు రెండు మోతాదులు దాటకూడదని మంత్రిమండలి కాగితం మీద పెట్టి మరీ ఆదేశించింది. ఆ ఆదేశానికి కారణం వకుళ చూపించిన ఎలుకలు. మూడో మోతాదు పడిన ఎలుకల్లో ముడి నిద్రపోవడం కాదు, ఎండిపోయేది. అవి వెళ్ళి పిల్లి బోను పక్కన పడుకునేవి. వకుళను బాగా కలవరపెట్టింది అది కాదు. తల్లి ఎలుకలున్న పెట్టెను ఒక పక్కకు వంచి నీళ్ళు పోస్తే, మామూలు తల్లులు పిల్లల్ని నోట కరుచుకుని పైకి పాకుతాయి. మూడో మోతాదు తల్లులు పైన కూర్చుని, పిల్లలు మునగడం చూశాయి.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక నీలాచలం అడిగినవన్నీ దాచకుండా చెప్పాడు. కనుమలో ఉన్న అధికారులందరికీ మూడోది పడిందట. తొమ్మిదివేలమంది సిపాయిలకు రెండేసి పడ్డాయి, వాటి గడువు ఈ వారంతో తీరుతుంది. శుక్రవారం వాళ్ళకీ మూడోది ఎక్కిస్తారు. మంత్రిమండలి వద్దంది కదా అని వకుళ అడిగితే, వద్దందని తెలుసు అన్నాడు. అంతకుమించి అతనికి అందులో చెప్పవలసింది ఏమీ కనిపించలేదు.

సోమవారం పొద్దున్నే వకుళ ప్రధాని ఇంటికి వెళ్ళింది. ఈ తీర గణతంత్రానికి ప్రధాని అయిన మైలపల్లి నూకాలమ్మ ఒకప్పుడు ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి. బెస్త పల్లెల తరఫున కొట్లాడి కొట్లాడి ఆ కుర్చీలోకి వచ్చింది. చోడంబలి తాగుతూ, వకుళ చెప్పినదంతా మధ్యలో ఒక్క మాట కూడా అడగకుండా వింది. గ్లాసు కింద పెట్టి, పమిటతో మూతి తుడుచుకుంది.

"ఉమాపతిని నాను ముప్పై ఏళ్ళుగా ఎరుగుదును డాట్రమ్మా" అంది. జనరల్ ఉమాపతి గణతంత్ర సేనకు అధిపతి. "తుపాన్లో మా వోళ్ళని తాడేసి లాగినోడు. మంచోడు. నా గదిలోకి వొచ్చినప్పుడల్లా టోపీ తీసి వొళ్ళో ఎట్టుకుని, దాని అంచు రాసుకుంటా కూకునేవోడు. నానంటే బయం గాదు, ఈ కుర్సీ అంటే. మొన్న ఎగువోళ్ళతో ఒడంబడిక కాయితం సూపించి, సైన్నాన్ని కనుమ దించమన్నాను. టోపీ తియ్యనేదు. కుదరదండి అన్నాడు. అంతే. కోపం నేదు, ఏటీ నేదు."

వకుళ చప్పున తలెత్తింది. నూకాలమ్మ ఆమె ముఖం చూసి, "ఆడూ ఏయించుకున్నాడేటి?" అంది.

మరునాడు యుద్ధమండలి సమావేశానికి ప్రధాని వకుళను వెంటబెట్టుకు వెళ్ళింది. బల్లకు ఒక పక్క ఆరుగురు మంత్రులు, మరోపక్క జనరల్, అతని కింది ఏడుగురు అధికారులు. వకుళ ఏదో పరీక్ష చేసి రుజువు చూపాలేమో అనుకుంటూ వచ్చింది. ఆ అవసరమే రాలేదు. అడగగానే ఉమాపతి ఒప్పుకున్నాడు.

"మా కుర్రాళ్ళ ఒంట్లోకి ఎక్కించేది నేను ఎక్కించుకోకపోతే నేనేం సేనాధిపతిని డాక్టరుగారూ? మేం ఎనిమిదిమందిమీ వేయించుకున్నాం. మీకు కృతజ్ఞత చెప్పాలి. ఇన్నేళ్ళూ ప్రధానిగారి మాట కాదంటే ఏమవుతుందో అని ఆలోచించేవాణ్ణి. అది ఆలోచన కాదు, భయం అని ఇప్పుడు తెలిసింది."

తర్వాత తన పథకం చెప్పాడు. గొంతు పెంచలేదు. ఒడంబడికను నమ్మడానికి లేదు. బుధవారం కాక పై బుధవారం సైన్యం కనుమ దాటి, ఎగువవాళ్ళ ఆనకట్టను పేల్చేస్తుంది. ఆ నీరంతా ఒక్కసారిగా దిగితే కింద మన పల్లెల్లో నాలుగువేలమంది దాకా పోతారు. ఆనకట్ట ఉండనిస్తే పదేళ్ళలో కరువుకీ వరదకీ అంతకంటే ఎక్కువమందే పోతారు.

"ఆ నాలుగువేలమందిలో నా ఊరుంది బాబూ" అంది నూకాలమ్మ.

"మా ఊరూ ఉందండి. మా అమ్మ అక్కడే ఉంది" అన్నాడు ఉమాపతి.

వకుళకు ఏటి ఒడ్డున చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ నీలాచలం కనిపించాడు. ఈయన కూడా అలాగే ఒడ్డున నిలబడి దేశాన్ని చూస్తున్నాడు. ఆయనకు జనం మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు.

నూకాలమ్మ అక్కడికక్కడే కాగితం తెప్పించి, ఉమాపతిని పదవి నుంచి తొలగిస్తున్నట్టు రాయించి సంతకం చేసింది. సంతకం చేస్తుంటే ఆమె వేళ్ళు వణికాయి. ఆమె దాన్ని దాచుకోలేదు. ఉమాపతి కాగితం పూర్తిగా చదివి, మడిచి, బల్ల మీదే పెట్టాడు. దీన్ని తీసుకోలేనండి, మన్నించండి, అన్నాడు. మిమ్మల్ని ఎవరూ వేలెత్తి కూడా తాకరు, నెల రోజులు ఇంట్లో ఉండండి చాలు అని కూడా అన్నాడు. సమావేశం ముగిసేసరికి ప్రధాని ఇంటి చుట్టూ సిపాయిలు నిలబడి ఉన్నారు. మంత్రులను ఎవరిళ్ళకు వాళ్ళను పంపి గుమ్మాల దగ్గర కాపలా పెట్టారు. ఊళ్ళో బడులు, బజార్లు యథాప్రకారం నడిచాయి. ఏదైనా జరిగిందని చాలామందికి రెండు రోజుల దాకా తెలియనే లేదు.

వకుళను మాత్రం ప్రయోగశాలకు వెళ్ళనిచ్చారు. శుక్రవారం ఎక్కించాల్సిన మందంతా అక్కడి శీతల గదిలో ఉంది. మళ్ళీ అంత మందు తయారు కావాలంటే మూడు నెలలు పడుతుంది. ఎనిమిది గంటలు వెచ్చబడితే నిబ్బరం చచ్చిపోతుంది, ఉప్పునీళ్ళతో సమానమవుతుంది. బుధవారం ఉదయం ఆమె తానొక్కతే లోపలికి వెళ్ళి చల్లదనం ఆపేసింది. సాయంత్రం మళ్ళీ మొదలుపెట్టింది. పెట్టెలు పట్టుకు చూస్తే ఎప్పటిలాగే చేతులు జివ్వుమంటున్నాయి. గుమ్మం దగ్గర కాపలా సిపాయి, ఏటమ్మా ఈ రోజు అన్నం కూడా తినలేదు, ఒంట్లో బాగులేదా అని అడిగాడు. ఆమె ఆ కుర్రవాడి ముఖం చూడకుండానే గది తాళం వేసింది.

ఆమె వేసుకున్న లెక్క ఇది. చచ్చిన మందు ఎక్కించినా ఎక్కించనట్టే. పాత మోతాదు గడువు తీరి సోమవారానికల్లా సిపాయిలకు భయం తిరిగొస్తుంది. భయం ఉన్నవాడు పల్లెల మీదికి నీళ్ళు వదలమంటే ఒక్క క్షణమైనా ఆగుతాడు. ఆ ఒక్క క్షణమే ఆమెకు కావాలి.

మందు తీసుకెళ్ళడానికి గురువారం మధ్యాహ్నం లారీ వచ్చింది. దిగినవాడు నీలాచలం. సెలవు రద్దు చేసి అతన్ని పిలిపించారు.

కింద సిపాయిలు పెట్టెలు ఎక్కిస్తుంటే అతను పైకి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. మందు బాగానే ఉంది కదా అని అడిగాడు. వకుళ అబద్ధం సిద్ధం చేసుకుని ఉంది గాని, పన్నెండేళ్ళు కాపురం చేసిన మనిషి ముందు అది నోటికి రాలేదు. చంపేశానని చెప్పింది.

అతను లేవలేదు, కేకలు వేయలేదు. ఎందుకు అని అడిగాడు.

"నన్ను పట్టిస్తావా బావా?"

"ముందు ఎందుకో చెప్పు. నాకు భయం లేదు కాబట్టి నువ్వేం చెప్పినా బెదిరించినట్టుండదు. నిజమా కాదా అన్నదే చూస్తాను."

ఆమె ఎలుకల సంగతి చెప్పింది. పైన కూర్చుని చూసిన తల్లుల సంగతి చెప్పింది. అంతకుముందు ఎన్నడూ అతనికి చెప్పలేదు. సైన్యం ఆ విషయం బయటికి పొక్కనివ్వలేదు. నీలాచలం విని, తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు.

"ఆదివారం నుంచి నేను అదే వెతుక్కుంటున్నాను. పాప మునిగినప్పుడు నా కాళ్ళు కదలాలి. పాపంటే ఇష్టం ఉంది, అది ఎక్కడికీ పోలేదు. కాళ్ళు కదల్లేదు. ఆ రెంటికీ మధ్య ఏదో ఉండేది వకుళా. చెయ్యి పెట్టి తడుముకుంటే అక్కడ ఖాళీగా ఉంది." అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "జనరల్ గారు లెక్క చెప్పినప్పుడు నాకు ఎక్కడా తప్పు కనబడలేదు. ఇప్పుడూ కనబడటం లేదు. కాని కనబడకపోవడానికి కారణం నాలోనే ఉందని తెలుస్తోంది. కళ్ళు పోయినవాడు బాట బాగుందని చెప్పకూడదు కదా."

అతను లేచి టోపీ పెట్టుకున్నాడు. మందు బాగానే ఉందని తానే చెబుతానన్నాడు. తెలిస్తే కాల్చేస్తారని వకుళ అంది. తెలుసన్నాడు, బస్సు ఎన్నింటికో చెప్పినట్టు. ఆమె అతని చేయి పట్టుకుని ఒక మాట చెప్పింది. విరుగుడు ఒకటి ఉంది. మూడో మోతాదు పడిన నలభై రోజుల లోపల తీసుకుంటే, ముడి పూర్తిగా ఎండకముందే మేలుకుంటుంది. కాని అన్నాళ్ళూ పడని భయమంతా ఒక్కసారి వచ్చి పడుతుంది. సగం ఎలుకలే తట్టుకున్నాయి. అప్పటికి బతికుంటే వస్తానని చెప్పి అతను లారీ ఎక్కాడు.

శుక్రవారం తొమ్మిదివేలమందికి ఉప్పునీళ్ళు ఎక్కించారు. సోమవారం గడిచింది, మంగళవారం గడిచింది. వకుళ లెక్క తప్పింది. కొండ మీద చలికి మందు ఒంట్లో నెమ్మదిగా కరుగుతుందని, రెండు రోజులు ఎక్కువ నిలుస్తుందని ఆమెకు తోచలేదు. బుధవారం పొద్దున పది గంటలకు దాడి మొదలైంది. ముందు దళం ఎగువవాళ్ళ తుపాకులకు ఎదురుగా నిటారుగా నడుచుకుంటూ వెళ్ళింది. రెండో మలుపు దగ్గర, సగం ఎక్కాక, భయం తిరిగొచ్చింది. ఒకడు నిలబడిపోయాడు. ఇంకొకడు కూలబడి అమ్మను పిలిచాడు. దాక్కోవడానికి రాయి కూడా లేని చోట వందలమంది ఒకేసారి వణికిపోయారు. నలభై ఒక్కమంది అక్కడే పోయారు.

మూడోది పడిన మిగతా అధికారులు కింద మకాంలోనే ఉన్నారు. ఆ మలుపులో భయం లేనివాడు నీలాచలం ఒక్కడే. అతను మూడుసార్లు పైకి నడిచి వెళ్ళి, గాయపడినవాళ్ళను భుజాన వేసుకొచ్చాడు. తర్వాత మిగిలినవాళ్ళను వెనక్కి తిప్పాడు. కింద మకాంలో జనరల్ మనుషులు మళ్ళీ ఎక్కమంటే ఎవరూ కదల్లేదు. ఆనకట్ట పేలిస్తే కింద ఎవరెవరి ఊళ్ళు మునుగుతాయో అప్పుడు ఒకరినొకరు అడిగి తెలుసుకున్నారు. అన్నాళ్ళూ ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

మధ్యాహ్నానికి కబురు కళింగపట్నం చేరింది. ప్రధాని ఇంటి గేటు దగ్గర కాపలా ఉన్న హవల్దారు లోపలికి వచ్చి, తుపాకీ గోడకు ఆనించి, నూకాలమ్మ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నాకు బయమేత్తంది" అన్నాడు.

"నాకూను నాయినా. తలుపు తియ్యి" అంది ఆమె.

ఆమె నడిచే శాసనసభకు వెళ్ళింది. దారిలో సిపాయిలు పక్కకు తప్పుకున్నారు. కొందరు తల వంచుకున్నారు. సాయంత్రానికి ఉమాపతిని అతని కార్యాలయంలోనే పట్టుకున్నారు. అతను ఎదురు తిరగలేదు. మీరు పొరబడుతున్నారు అని మాత్రం మర్యాదగా చెప్పి, కారు ఎక్కాడు.

మూడో మోతాదు పడిన ముప్పయ్యో రోజున నీలాచలం విరుగుడు తీసుకున్నాడు. సూది వకుళే వేసింది. ఒక గంట ఏమీ కాలేదు. తర్వాత అతని పళ్ళు కరుచుకుపోయాయి, ఒళ్ళంతా చెమటలో తడిసింది. గుండె ఆగుతుందేమోనని మూడు రోజులు ఇద్దరు డాక్టర్లు దగ్గరే కూర్చున్నారు. ఆగలేదు. ఇంటికి వచ్చాక తలుపు చప్పుడైతే గోడకు అతుక్కుపోయేవాడు. హంసినిని కళ్ళ ముందు నుంచి కదలనిచ్చేవాడు కాదు. బడికి పంపుతుంటే వీధి మలుపు దాకా గోడలు పట్టుకుని వెనకే వెళ్ళేవాడు. తన కొడుకు ముఖం తనకు దొరికిందని అప్పలనరసమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. ఆ ముఖం చూడలేక పెరట్లోకి వెళ్ళి ఏడ్చింది కూడా.

ఉమాపతికి మూడోది పడిన ముప్పై తొమ్మిదో రోజున వకుళ అదే విరుగుడు తీసుకుని, అతన్ని ఉంచిన ఇంటికి వెళ్ళింది. నచ్చజెప్పి వేయించమని, బలవంతం మాత్రం చేయవద్దని ప్రధాని చెప్పింది. అతను ఆమెకు కుర్చీ చూపించాడు. ఎలుకల సంగతి, కనుమ సంగతి, నీలాచలం సంగతి అన్నీ శ్రద్ధగా విన్నాడు.

"వద్దండి డాక్టరుగారూ. మీ ఆయన మంచి అధికారి. ఇప్పుడు ఎలా ఉన్నాడో మీరే చెప్పారు. అలా కావాలని ఎవరైనా ఎందుకు కోరుకుంటారు?" అన్నాడు.

"మీ అమ్మగారు మిమ్మల్ని చూడాలంటున్నారు. ఆ ఊళ్ళో ఆవిడ ఉన్నారని తెలిసి కూడా మీరు..."

"తెలుసండి. రమ్మనండి. నేను బాగానే ఉన్నానని చెప్పండి."

గడువు మరునాటితో తీరింది. వకుళ సీసా సంచిలో వేసుకుని తిరిగొచ్చింది. దారంతా ఆమెకు ఆ నలభై ఒక్కమందే గుర్తొచ్చారు. శీతల గదిలో చల్లదనం ఆపిన చేయి తనది. సోమవారం అని లెక్క కట్టింది తను. ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు. పల్లెల్ని కాపాడిందని శాసనసభలో పొగిడారు. ఆ పొగడ్త వింటున్నంతసేపూ, ఉమాపతి నాలుగువేలమంది అన్నప్పటి గొంతే ఆమె చెవిలో ఉంది.

ఇంటికి వచ్చేసరికి నీలాచలం వంటింటి మూల నేల మీద మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చున్నాడు. పగటి వెలుగులోనే ఒళ్ళు వణుకుతోంది. ఆమె సంచి పక్కన పడేసి అతన్ని ఆనుకుని కూర్చుంది.

"రెండో మలుపు దగ్గర మొదట కూలబడ్డవాడు పేడాడ రమణ" అన్నాడతను. "నా కాలు పట్టుకున్నాడు. అప్పుడు నాకేమీ అనిపించలేదు వకుళా. చేయి విడిపించుకుని ముందుకెళ్ళాను. ఇప్పుడు పట్టుకుంటున్నాడు."

అతను ఒక్కొక్క పేరూ చెప్పడం మొదలుపెట్టాడు. ఊరు, ఇంటిపేరు, పెళ్ళయిందా లేదా అన్నీ తెలుసు అతనికి. పంతొమ్మిదో పేరు దగ్గర ఆగిపోయాడు. మిగతావి నువ్వు చెప్పు అన్నాడు, చిన్నపిల్లాడిలా.

వకుళకు ఆ పేర్లు ఒక్కటీ తెలియదు. నలభై ఒకటి అన్న అంకె ఒక్కటే తెలుసు. ఆ సంగతి అప్పుడే ఆమెకు తట్టింది. తట్టగానే, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఒళ్ళు జలదరించింది. భర్త చల్లటి చేతిని రెండు చేతుల మధ్యకు తీసుకుంది.

"నాకు తెలియవు బావా. మొదటి నుంచి మళ్ళీ చెప్పు. నీ వెనక నేనూ అంటాను."

"పేడాడ రమణ" అన్నాడతను.

"పేడాడ రమణ" అంది వకుళ.